ప్రాసెసర్‌కి ఎంత, గ్రాఫిక్స్‌కి ఎంత? మీ పనిని బట్టి కంప్యూటర్ ఎంచుకోవడం

కొత్త కంప్యూటర్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ‘ఐ5 చాలా, ఐ7 కావాలా?’ అని (ఇవి ఇంటెల్ ప్రాసెసర్ల రకాలు). ఆ వెంటనే ‘గ్రాఫిక్స్ ఎన్ని జీబీ ఉండాలి?’ అని అడుగుతారు. ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త అనుమానించండి. మీరు దాని మీద ఏం పని చేస్తారు, ఏ మానిటర్ ముందు కూర్చుని చేస్తారు అన్నది తెలియకుండా ఈ లెక్క తేలదు.

ప్రాసెసరూ గ్రాఫిక్సూ జోడెద్దుల్లా సమానంగా ఉండాలి అనుకోవడం దగ్గరే డబ్బు వృథా అవుతుంది. చాలామందికి విడిగా గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. కొందరికి మాత్రం బడ్జెట్‌లో పెద్ద వాటా కార్డుకే పోవాలి. మీరు ఎటువైపు ఉన్నారో తేల్చుకుంటే మిగతా ఎంపిక సులువు.

కార్డు లేకుండానే గడిచిపోయేవాళ్లు

బ్రౌజర్, ఎక్సెల్, వర్డ్, ఆన్‌లైన్ క్లాసులు, వీడియో కాల్స్, సినిమాలు. మీ రోజంతా వీటితోనే గడిచిపోతుంటే గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టే ప్రతి రూపాయీ దండగే. ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ వీటన్నిటికీ హాయిగా సరిపోతుంది.

‘మరి 4కే వీడియోలు ఆడతాయా?’ అన్న సందేహం చాలామందికి ఉంటుంది. ఆడతాయి. వీడియోని విప్పే పని కోసం ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఇంటెల్ దీన్ని క్విక్ సింక్ పేరుతో 2011 నుంచే ఇస్తోంది. ఇప్పుడు వీడియో సైట్లు ఎక్కువగా వాడుతున్న ఏవీ1 ఫార్మాట్‌ని ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి ఈ భాగమే చూసుకుంటోంది. దాంతో వీడియో నడుస్తున్నా ప్రాసెసర్ మీద పెద్దగా భారం పడదు. పాత కంప్యూటర్‌లో అదే వీడియో పెడితే ఫ్యాన్ గోల చేయడం మొదలుపెడుతుంది. అందులో ఆ ఫార్మాట్‌ని విప్పే భాగం లేక, పనంతా ప్రాసెసర్ కోర్ల (లోపల లెక్కలు చేసే భాగాల) నెత్తిన పడడమే అందుకు కారణం. దానికి విరుగుడుగా ఖరీదైన గేమింగ్ కార్డు తగిలించనక్కర్లేదు. కాస్త కొత్త తరం ప్రాసెసర్ ఉంటే చాలు.

ఇలాంటి వాడకంలో కంప్యూటర్ చురుగ్గా అనిపించాలంటే కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోరు వేగం ముఖ్యం. వెబ్ పేజీలో ఎక్కువ పని ఒకే థ్రెడ్ (ఒకదాని తర్వాత ఒకటిగా సాగే పనుల వరుస) మీద నడుస్తుంది కాబట్టి పాత 8 కోర్ల ప్రాసెసర్ కన్నా కొత్త 4 కోర్లదే ముందుంటుంది. ప్రాసెసర్ కాస్త బాగుంటే ఆగిపోండి. మిగిలిన డబ్బు 16 జీబీ ర్యామ్‌కీ ఎస్ఎస్‌డీకీ పెట్టండి. 8 జీబీ ర్యామ్ మీద ముప్ఫై ట్యాబ్‌లు తెరిస్తే ఐ7 అయినా తడబడుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ ఉండదు. కాస్త చవగ్గా వస్తోంది కదా అని అది తీసుకుని కార్డు పెట్టకపోతే తెర మీద బొమ్మే రాదు.

మధ్య దారి: ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీదే గేములు

అప్పుడప్పుడూ తేలికపాటి గేములు ఆడుకునేవాళ్లకి ఈ దారి బాగా నప్పుతుంది. ఏఎండీ 2024లో తెచ్చిన రైజెన్ 5 8600జీ, రైజెన్ 7 8700జీ ఇందుకోసమే తయారైనవి. వీటిలోని రేడియాన్ 760ఎం, 780ఎం గ్రాఫిక్స్ మీద ఈ-స్పోర్ట్స్ (పోటీగా ఆడే) గేములు 1080పీలో (1920×1080 పిక్సెళ్ల తెర మీద) చక్కగా ఆడతాయి. పెద్ద గేములు కూడా సెట్టింగులు తగ్గిస్తే నడుస్తాయి.

అయితే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌నే పంచుకుంటుంది. డీడీఆర్4-3200 ర్యామ్ స్టిక్ ఒకటే పెడితే సెకనుకి 25.6 జీబీ డేటా కదులుతుంది. రెండు స్టిక్కులు సరైన స్లాట్లలో పెడితే 51.2 జీబీ. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు మీదున్న సొంత మెమరీలో అదే అంకె 360. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఎక్కడ ఆగిపోతుందో అర్థమవుతుంది. ఒకే 16 జీబీ స్టిక్‌కి బదులు రెండు 8 జీబీ స్టిక్కులు పెట్టమని ఎందుకు చెబుతారో కూడా తెలుస్తుంది. విడి కార్డు ఉన్నవాళ్లకి దీంతో వచ్చే తేడా తక్కువ. లేనివాళ్లకి మాత్రం గేములో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

గేములకైతే అసలు లెక్క ఇక్కడుంది

గేములో ఒక్కో ఫ్రేము (తెర మీద వరసగా మారే ఒక్కో బొమ్మ) తయారయ్యే తీరు చూడండి. ఎవరు ఎక్కడున్నారు, తలుపు తెరుచుకుందా, తూటా ఎక్కడ తగిలింది, తెర మీద ఏమేం గీయాలి అన్నదంతా ముందు ప్రాసెసర్ తేలుస్తుంది. ఆ జాబితా అందుకుని పిక్సెళ్లన్నీ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సమయం పడితే మీకు వచ్చే ఫ్రేములు అంతే. సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు ఉంటాయి. సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ మానిటర్‌ని పూర్తిగా వాడుకోవాలంటే దాదాపు 6.9 మాత్రమే.

లెక్క కోసం ఒక గేములో ప్రాసెసర్‌కి ఫ్రేముకి 8 మిల్లీసెకన్లు, 1080పీలో కార్డుకి 6 మిల్లీసెకన్లు పడుతోంది అనుకుందాం. కార్డు సెకనుకి 166 ఫ్రేములు గీయగలిగినా ప్రాసెసర్ 125 దగ్గరే ఆపేస్తుంది. ఇక్కడ రెట్టింపు ఖరీదు పెట్టి కార్డు మార్చినా అంకె 125 దాటదు.

ఇప్పుడు అదే కంప్యూటర్‌కి 1440పీ మానిటర్ పెట్టండి. 1080పీలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటే 1440పీలో 36.9 లక్షలు, అంటే 1.78 రెట్లు. కార్డుకి పట్టే సమయం కూడా ఇంచుమించు అలాగే పెరిగి 10.7 మిల్లీసెకన్లకి చేరుతుంది అనుకుంటే ఫ్రేములు 94కి దిగుతాయి. 4కేలో పిక్సెళ్లు నాలుగు రెట్లు, దాదాపు 83 లక్షలు. సమయం 24 మిల్లీసెకన్లు, ఫ్రేములు 42. ప్రాసెసర్ పని మాత్రం అన్ని మానిటర్ల మీదా దాదాపు అదే 8 మిల్లీసెకన్లు. తూటా ఎక్కడ తగిలిందో తేల్చడానికి తెర పెద్దదా చిన్నదా అన్నదానితో పని లేదు కదా. నిజం గేములో పెరుగుదల ఇంత కచ్చితంగా రాదు కానీ, తంతు ఇదే.

అంటే 1080పీలో ప్రాసెసర్ చేతిలో ఉన్న పగ్గం 1440పీకి వచ్చేసరికి కార్డు చేతికి వెళ్లిపోయింది. కంప్యూటర్ అదే, గేమూ అదే. మారింది మానిటర్ ఒక్కటే. రెండు విడిభాగాల పేర్లు కొడితే ‘బాటిల్‌నెక్ 17 శాతం’ అని, అంటే ఒకటి రెండోదాన్ని ఇంత వెనక్కి లాగుతోంది అని చూపించే కాలిక్యులేటర్లను నేను అస్సలు పట్టించుకోనిది ఇందుకే. మీరు ఆడే గేము, పెట్టుకునే సెట్టింగులు తెలియకుండా ఆ శాతానికి అర్థం లేదు. వాటిని చూసి లేనిపోని టెన్షన్ పెట్టుకోకండి.

గేమును బట్టి కూడా తూకం మారుతుంది. పోటీ షూటర్లు ఆడేవాళ్లు సెట్టింగులన్నీ తగ్గించి 240 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడతారు. కార్డుకి పని తగ్గించేసి, ఫ్రేములు మాత్రం ఎక్కువ అడుగుతున్నారు. కాబట్టి భారం ప్రాసెసర్ మీద పడుతుంది. నగరాలు కట్టే గేములు, రాజ్యాలు ఏలే స్ట్రాటజీ గేములూ అంతే. వేల మంది పాత్రల కదలికలు లెక్కగట్టాలి మరి. ఇలాంటి గేముల్లో ప్రాసెసర్ లోపలి క్యాష్ మెమరీ (తరచూ కావాల్సిన డేటాని చేతికందేలా ఉంచుకునే చిన్న మెమరీ) ఎంత తేడా తెస్తుందో ఏఎండీ 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీతో చూపించింది. మామూలు 5800ఎక్స్‌లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ ఉంటే ఇందులో 96. కోర్లు అవే ఎనిమిది, పైగా క్లాక్ వేగం కాస్త తక్కువ. అయినా గేముల్లో ఇదే ముందుకి దూసుకెళ్లింది. కథ చెప్పే పెద్ద ఓపెన్ వరల్డ్ గేములు, రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా లెక్కగట్టడం) పెట్టుకుని కళ్లప్పగించి చూసేవి మాత్రం కార్డు సంగతి.

చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి చూపించే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటివి వచ్చాక ఇందులో ఇంకో మెలిక చేరింది. 4కే మానిటర్ మీద డీఎల్ఎస్ఎస్ పెర్ఫార్మెన్స్ మోడ్ పెడితే కార్డు లోపల గీసేది 1080పీ బొమ్మే, దాన్నే పెంచి చూపిస్తుంది. అంటే 4కే కొన్నా, ప్రాసెసర్‌కి సంబంధించినంత వరకూ మీరు మళ్లీ 1080పీ ఆటగాడికి దగ్గరగా వస్తారు.

నా సలహా అడిగితే, 1080పీ లేదా 1440పీలో మామూలుగా ఆడుకునేవాళ్లకి 6 కోర్లు, 12 థ్రెడ్ల ప్రాసెసర్ చాలు. రైజెన్ 5 5600, ఐ5-12400ఎఫ్ ఈ కోవలోవే. కొత్త ప్లాట్‌ఫాం కావాలంటే రైజెన్ 5 7600. 1080పీ అయితే వీటికి ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి కార్డు, 1440పీ అయితే ఆర్‌టీఎక్స్ 4070 లేదా ఏఎండీ ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ స్థాయి. ఇలా చూస్తే ప్రాసెసర్ ఖరీదుకి రెట్టింపు, అంతకన్నా ఎక్కువ కూడా కార్డు మీద పెట్టడం గేమింగ్‌లో తప్పేమీ కాదు. ఐ9 పక్కన చిన్న కార్డు పెట్టి ‘గేమింగ్ పీసీ’ అని అమ్మే రెడీమేడ్ డబ్బాలకి మాత్రం దూరంగా ఉండండి. బయటి స్టిక్కర్ చూసి కొనేవాళ్ల కోసమే అవి తయారవుతాయి.

కార్డు మెమరీ విషయంలో తొందరపడొద్దు. ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ ఉంది, దాని తర్వాత వచ్చిన 4060కి 8 జీబీయే. అయినా చాలా గేముల్లో 4060దే వేగం. జీబీలు వేగాన్ని చెప్పవు, ఎంత సామాను పడుతుందో మాత్రమే చెబుతాయి. అది నిండిపోయినప్పుడే ఇబ్బంది, అప్పుడు ఫ్రేములు ఒక్కసారిగా కుదుపులు పడతాయి. 1080పీకి 8 జీబీ ఇప్పటికి గడుస్తుంది. 1440పీకి కొత్తగా కొంటుంటే 12 లేదా 16 ఉన్నదాని వైపే నేను మొగ్గుతాను. 4 జీబీ కార్డుల జోలికి వెళ్లకండి. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నది 4 జీబీ మెమరీ, నాలుగే పీసీఐఈ లేన్లు (మదర్‌బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా దారులు); ఏవీ1 వీడియో విప్పే సదుపాయమూ లేదు. పాత పీసీఐఈ 3.0 మదర్‌బోర్డులో పెడితే ఆ నాలుగు లేన్ల వేగం కూడా సగమే. చవక కార్డుతో పాత పీసీకి ప్రాణం పోయాలనుకునేవాళ్లే దాన్ని కొనేది, ఎక్కువ నష్టం కూడా వాళ్లకే.

ఎడిటింగ్, కోడింగ్, ఇంట్లోనే ఏఐ

ప్రోగ్రామింగ్ చేసేవాళ్ల లెక్క తేలిక. కంపైల్ చేసేటప్పుడు కోర్లన్నీ పనిలోకి దిగుతాయి, కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ఎక్కువ కోర్లు, 32 జీబీ ర్యామ్, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చాలు. బ్లెండర్‌లో 3డీ రెండరింగ్ చేసేవాళ్లది దీనికి పూర్తిగా తలకిందులు, కార్డుకే డబ్బు పెట్టాలి. ఫోటో ఎడిటింగ్‌కి చాలావరకూ ప్రాసెసరూ ర్యామూ సరిపోతాయి. అయితే లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ లాంటివి రోజూ వందల ఫోటోల మీద వాడే పనైతే కార్డు లేకుండా కష్టం. ఒక్కో ఫోటోకి పట్టే సమయంలో చాలా తేడా ఉంటుంది.

వీడియో ఎడిటింగ్‌లో మాత్రం ఒక చిన్న మతలబు ఉంది. డావిన్సీ రిజాల్వ్ కార్డు మీద ఎక్కువ ఆధారపడుతుంది, ప్రీమియర్ ప్రో రెండింటినీ వాడుకుంటుంది. అంతకన్నా ముందు చూడాల్సింది మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తోంది అన్నది. ఇప్పటి కెమెరాలు చాలా 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ (రంగుల వివరం ఎక్కువ దాచుకునే వీడియో ఫార్మాట్)లో తీస్తున్నాయి. ఎన్విడియా కార్డులకి దీన్ని నేరుగా విప్పడం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌లో ఆ సదుపాయం అంతకు ముందే ఉంది. అందువల్ల ఖరీదైన 40 సిరీస్ కార్డు ఉన్నా టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంటే, పక్కన కార్డే లేని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో అదే ఫైలు సాఫీగా కదలడం చూడొచ్చు. ఎడిటింగ్ కోసం ఇంటెల్ తీసుకుంటుంటే ఆ ‘ఎఫ్’ రకం వద్దనేది ఇందుకే.

ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు కార్డు మెమరీ చూడాలి. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకి కుదిస్తే సుమారు 4 జీబీ అవుతుంది, 8 జీబీ కార్డులో పడుతుంది. అంతకన్నా పెద్దవాటికి 12, 16 జీబీలు వెతుక్కోవాలి. పైన గేముల్లో వెనకబడిందన్న 3060 12 జీబీ ఇక్కడ 4060 కన్నా పనికొస్తుంది.

ల్యాప్‌టాప్‌లో పేర్లని నమ్మకండి

పైన పటారం, లోన లొటారం అన్న మాట ల్యాప్‌టాప్ స్టిక్కర్లకి సరిగ్గా సరిపోతుంది. ఐ7-1255యూ, ఐ5-12500హెచ్ పక్కపక్కన పెడితే ఎవరైనా ఐ7 వైపే చెయ్యి చాపుతారు. ఆ ఐ7లో పెద్ద కోర్లు రెండే, 15 వాట్ల తరగతి. ఐ5-12500హెచ్‌లో పెద్ద కోర్లు నాలుగు, 45 వాట్లు. బరువైన పని ఎక్కువసేపు చేయాల్సి వస్తే ఐ5దే పైచేయి. బ్యాటరీ ఎక్కువసేపు రావాలి, బ్యాగులో తేలిగ్గా ఉండాలి అంటే ‘యూ’ రకమే మంచిది. మీకు ఏది కావాలో మీరే తేల్చుకోవాలి, ఐ7 అన్న పేరు తేల్చదు.

ఏఎండీ వైపూ ఇలాంటి తిరకాసే. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7540యూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. 7000 సిరీస్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో మూడో అంకె చూడాలి. అక్కడ 2 ఉంటే లోపల 2019 నాటి జెన్ 2 డిజైన్, 4 ఉంటే జెన్ 4. మొదటిది 4 కోర్లు, నామమాత్రపు గ్రాఫిక్స్. రెండోది 6 కోర్లు, అంతకన్నా ఎంతో మెరుగైన గ్రాఫిక్స్.

గ్రాఫిక్స్ కార్డు పేరు వెనకా వాట్లు దాగి ఉంటాయి. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060ని తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా బిగించొచ్చు. అన్నిటి మీదా ఒకే స్టిక్కర్. కొనేముందు స్పెసిఫికేషన్ పేజీలో టీజీపీ (కార్డు వాడుకోగల కరెంటు) అన్నచోట ఎన్ని వాట్లు రాశారో వెతకండి. ఎక్కడా రాయలేదంటే మంచి సూచన కాదు. ల్యాప్‌టాప్ 4090 అయితే డెస్క్‌టాప్ 4090తో పేరు తప్ప చిప్పు కూడా పంచుకోదు. మెమరీ 16 జీబీ, డెస్క్‌టాప్ దానికి 24.

గేములూ రెండరింగూ లేనివాళ్లు ‘ఎందుకైనా మంచిది’ అని గేమింగ్ ల్యాప్‌టాప్ కొనొద్దు. బరువు, ఫ్యాన్ శబ్దం, బ్యాటరీ అన్నీ రోజూ తలనొప్పే.

ముందు కొంత, తర్వాత కొంత

డెస్క్‌టాప్‌లో ఒక వెసులుబాటు ఉంది, కార్డు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ప్రాసెసర్ మార్చాలంటే మాత్రం సాకెట్ కలవాలి. కాబట్టి డబ్బు తక్కువై ఒకటి వాయిదా వేయాల్సి వస్తే కార్డుని వాయిదా వేయండి. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్న మంచి ప్రాసెసర్, సరైన పవర్ సప్లై ముందు తీసుకుని, కార్డు తర్వాత పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో రెండూ బోర్డుకి అతికించే ఉంటాయి, కొన్ని మోడళ్లలో ర్యామ్ కూడా. అక్కడ మూడు నాలుగేళ్ల అవసరాన్ని ముందే ఊహించుకోవాలి.

ఇంట్లో ఉన్న పాత ఆఫీసు డెస్క్‌టాప్‌కి కార్డు పెడదామనుకుంటే ముందు పవర్ సప్లై చూడండి. వాటిలో కార్డుకి విడిగా కరెంటిచ్చే వైర్లు తరచూ ఉండవు. స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు కావాలి. 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ అలాంటిదే. ప్రాసెసర్ వయసూ చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ 7వ తరం, అంతకు ముందువి కొన్ని మినహాయింపులు తప్ప లేవు. అలాంటి దానికి కొత్త కార్డు తగిలించడం కన్నా ఆ డబ్బు దాచుకోవడమే మేలు.

ఇప్పటికే ఉన్న కంప్యూటర్‌లో ఏది మార్చాలో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. మీరు ఎక్కువగా ఆడే గేములో ఫ్రేముల పరిమితి, వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపేసి, రిజల్యూషన్ బాగా తగ్గించండి. ఫ్రేములు ఎగబాకితే కొరత కార్డుది. కదలకుండా అక్కడే ఉంటే ప్రాసెసర్‌ది. టాస్క్ మేనేజర్‌లో ‘సీపీయూ 30 శాతమే వాడుతోంది కాబట్టి ప్రాసెసర్ ఖాళీ’ అనుకోవద్దు. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేస్తున్నా మొత్తం మీద కనిపించేది 8 శాతమే. దానికన్నా కార్డు వాడకం చూడడం నయం. అది 95 దాటి ఉంటే కార్డు తన శక్తంతా పెడుతున్నట్టే.

కొత్త కార్డు పెట్టాక కూడా గేము మునుపటిలాగే నడుస్తుంటే మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐలో ఉంటే తీసి కార్డుకి పెట్టండి. ఆ తర్వాత బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు 60 దగ్గరే ఉండిపోయిందేమో చూసి మార్చండి.